లుబాన్ చాచిన చెయ్యి

నురుగు.

తెల్లటి నురుగు. గుమ్మం ముందు నల్లటి వెడల్పు ట్రే, అందులో మందు నీళ్ళు, నీళ్ళ మీద కిక్కిరిసిన బుడగలు. ముక్కుపుటాలు మండించే వాసన. తూర్పు ఎండ తగిలితే ఒక్కో బుడగలో ఒక్కో చిన్న ఆకాశం... అంతలోనే పగిలిపోతుంది.

రోజూ పొద్దున వాణి ఆ నురుగులో నిలబడుతుంది. రబ్బరు బూట్లు మునిగేలా. ముప్పై దాకా లెక్కపెట్టుకుంటూ.

ముప్పై అయ్యేలోపు డాక్టరమ్మ అడుగుతుంది. రోజూ ఒకటే ప్రశ్న.

“ఏమ్మా వాణీ, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా? దగ్గు, జ్వరం?”

రోజూ ఒకటే జవాబు.

“ఎవ్వలకు లేదు మేడం.”

పుస్తకంలో సంతకం. ఎనిమిదో తరగతిలో ఆగిపోయిన చెయ్యి, ఇంకా ఎనిమిదో తరగతి అక్షరాలే రాస్తుంది. గుండ్రంగా, భయంభయంగా.

ఆ తర్వాత తలుపు తెరుచుకుంటుంది.

*

అరబ్బు దేశంలో, సీబ్ అనే ఊరు దాటాక, సముద్రం వైపు తిరిగిన మట్టిరోడ్డు చివర ఖర్జూరాల తోట. తోట యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. ఎక్కడో ఓడలో, పండ్ల పెట్టెల మధ్య దొంగతనంగా పోతున్న చింపాంజీలను పట్టుకుంటే, ఉంచడానికి చోటు లేదంటే, ఆయన తన తోటలో ఇనుప వలలతో ఇల్లు కట్టించాడు. చల్లగాలి మిషన్లు పెట్టించాడు. డాక్టరును పెట్టాడు.

డాక్టరు మనోజ్ఞ. కాకినాడ మనిషి. జంతువుల డాక్టరు. మాట మెత్తన, పని కఠినం.

వాణి భర్త లింబాద్రి ఆ తోటలో తొమ్మిదేళ్ళుగా చెట్లకు నీళ్ళు కడుతున్నాడు. తొమ్మిదో ఏట అర్బాబ్ దయతలిచి భార్యాబిడ్డలను తెచ్చుకోమన్నాడు. తోట వెనక ఒక రూమ్ ఇచ్చాడు. వాణికి డ్యూటీ ఇచ్చాడు — పండ్లు కోయడం, గిన్నెలు కడగడం, నేల కడగడం.

చంకలో ఎనిమిది నెలల అక్షరతో దిగింది వాణి.

ఊళ్ళో తొమ్మిదో నెలకు ఒక టీకా సూది వేస్తారు. ఆ లోపే విమానం ఎక్కింది. ఇక్కడ అడిగితే పన్నెండో నెలకు వేస్తామన్నారు.

తొమ్మిదికి, పన్నెండుకి మధ్య...

ఆ మధ్యలో నిలబడింది బిడ్డ. ఎవరి లెక్కలోకీ రాకుండా.

వాణి రోజులు లెక్కపెట్టుకునేది. గోడ మీద క్యాలెండరు. రోజుకొక గీత. దగ్గితే గుండె ఆగేది. తుమ్మితే నిద్ర పట్టేది కాదు. లింబాద్రి నవ్వేవాడు — “నువ్వు ఊపిరి లెక్కపెడ్తవే. పోరి మంచిగనే ఉన్నది.”

ఊపిరి లెక్కపెడుతుంది. నిజమే. లెక్కపెట్టకపోతే ఎవరు లెక్కపెడతారు?

*

లుబాన్ అంటే సాంబ్రాణి.

ఆ ఆడ చింపాంజీకి ఆ పేరు ఎవరు పెట్టారో కానీ, ఆమె కళ్ళు కూడా అలాగే ఉండేవి. పొగలో నానిన తేనె రంగు. రొమ్మున ఒక చంటిది. అక్షర కంటే నెల చిన్నది. దానికి పేరు లేదు. వాణి ‘చిట్టి’ అని పిలిచేది.

మొదటిసారి చూసినప్పుడు లుబాన్ వాణి ముఖం చూడలేదు. వాణి రొమ్మును చూసింది. జాకెట్టు మీద తడి మచ్చను. పాలు. తర్వాత తన చిట్టిని చూసుకుంది. తర్వాత వాణి ముఖం.

అంతే. ఏదో ఒప్పందం కుదిరిపోయింది.

వాణి రాకముందే వాటికి ఒకసారి మందు వేశారు. మనుషుల జబ్బులు వాటికి అంటకుండా టీకా. దూరం నుంచి గొట్టంతో ఊది, బాణంలా గుచ్చారట. లుబాన్ మూడు రోజులు మూల దాక్కుందట. రక్తం తీసి చూస్తే —

“ఏమీ లేదు,” అంది డాక్టరమ్మ. కాగితం మీద గీత చూపించింది. పడుకున్న గీత. “మందు లోపలికి పోయింది. ఒళ్ళు దాన్ని పట్టించుకోలేదు. మన జలుబు దానికి చావు, తెలుసా? మన ముద్దు కూడా.”

అందుకే కొత్త మందు తెప్పించింది. మంచు పెట్టెలో వచ్చింది. పాత టీకాకే ఇంకొకటి కలుపుతారు. ఒంటిని తట్టి లేపేది. ఏదో చెట్టు బెరడు నుంచి తీస్తారట. గిలక్కొడితే నురుగు వస్తుందట.

“కుంకుడుకాయ తీరునా మేడం?”

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వింది. “అచ్చం అదేనే! నురుగు వచ్చే గుణం అదే. ఐదేళ్ళు చదివి నేర్చుకున్నాను నేను, నువ్వు ఒక్క ముక్కలో చెప్పేశావు.”

ఆ రోజంతా వాణి ఆ మాటను కొంగున కట్టుకుని తిరిగింది.

కుంకుడు నురుగు. తల మీద అమ్మ చేతులు. కళ్ళు మండుతున్నాయని ఏడిస్తే — ఇగ అయిపాయె బిడ్డా, ఇగ అయిపాయె... మండితేనే మురికి పోతుంది. మండితేనే మేలు.

అలాంటి నురుగే లుబాన్ రక్తంలోకి వెళ్ళి, పడుకున్న గీతను లేపుతుందట.

*

కానీ ఈసారి బాణం వద్దంది డాక్టరమ్మ. భయపడిన ఒంటికి మందు సరిగ్గా పట్టదు. తనంతట తానే చెయ్యి ఇవ్వాలి.

వలకు ఒక ఇనుప గొట్టం బిగించారు. మోచెయ్యి పట్టేంత. అవతలి నుంచి చెయ్యి లోపలికి పెట్టాలి, చివర ఉన్న కడ్డీ పట్టుకోవాలి. పట్టుకుంటే ఖర్జూరం. వదిలితే లేదు.

నేర్పింది వాణి.

రెండు నెలలు. రోజూ. మొదట ఒక వేలు. తర్వాత అరచెయ్యి. తర్వాత మణికట్టు. “చెయ్యి ఇయ్యవే తల్లీ... ఇయ్యి... గట్లనే.” ఏ భాష తెలిసిన ప్రాణమో కానీ, ఆ తెలుగు దానికి తెలిసిపోయింది.

పండ్ల పెట్టెలు మోసుకొచ్చే దేవయ్య తలుపు దగ్గర నిలబడి ఎకసెక్కాలాడేవాడు. వాణి వాళ్ళ పక్క మండలం మనిషి. అరవైకి దగ్గర. బీడీ దగ్గు.

“ఏంది చెల్లె, కోతికి బడి పెట్టినవ్? మనకే పలక దొరకకపాయె. రేపు అది సంతకం పెడ్తది, మనం వేలిముద్ర ఏస్తం.”

“నువ్వు లోపటికి రాకే అన్నా, నీ దగ్గు పాడుగాను!”

“నేనెందుకొస్త? నాకు అత్తగారిల్లా గది?”

మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, నవ్వుతూ, దగ్గుతూ వెళ్ళిపోయేవాడు. ఒక్కనాడు గడప దాటలేదు.

చివరికి ఒక పొద్దున లుబాన్ తనే వచ్చి చెయ్యి చాచింది. కడ్డీ పట్టుకుంది. డాక్టరమ్మ సూది గుచ్చింది. లుబాన్ కదల్లేదు. సూదిని చూడలేదు. వాణినే చూసింది. ఆ చెయ్యి వాచింది, ఒక రోజంతా ఒళ్ళు వెచ్చబడింది. వాణి ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

నెల తర్వాత కాగితం.

గీత లేచింది. నిలువుగా. ఆకాశం వైపు.

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు. “పట్టింది వాణీ! మందు పట్టింది. ఇంకో డోసు వేసేస్తే కోట కట్టినట్టే.”

“మరి చిట్టికి మేడం?”

“చిన్నది కదా. ఇంకొంచెం తూకం రావాలి. వచ్చే నెల.”

వచ్చే నెల.

అక్షరకూ వచ్చే నెలే. క్యాలెండరు మీద ఇంకా ఇరవై నాలుగు గడులు.

ఇద్దరు బిడ్డలు. ఒకరు వలకు ఇటు, ఒకరు అటు. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు — లోపలికి పిలుపు కోసం.

*

రెండో డోసుకు ముందు రోజు అక్షర ఒళ్ళు కాలింది.

కళ్ళు ఎర్రబడ్డాయి. చెవుల వెనక మొదలైంది. తర్వాత నుదురు. మెడ. ఎర్రటి సన్నటి పొక్కు, ఎవరో కుంకుమ చల్లినట్టు.

వాణి ఫోన్‌లో అత్తకు చూపించింది. నిజామాబాద్ పక్క పల్లె నుంచి గౌరవ్వ ముఖం, తెర నిండా. చూసీ చూడగానే రెండు చేతులూ జోడించింది.

“తల్లి ఒచ్చింది బిడ్డా. మొక్కుండ్రి.”

“దవఖానకు తోల్కపోదామా అత్తమ్మా?”

“సూది పెట్టియ్యకు! తల్లి మీద సూదా? కండ్లు పోతయ్. రోగం అని నోట రానియ్యకు. జరం అనకు. ఎవ్వలకు చెప్పకు. ఇంట్ల చుట్టమొచ్చినట్టు చూస్కో. శాంతంగ ఒచ్చింది, శాంతంగ పోతది.”

రోగం అనకూడదు. అంటే ఆమెకు కోపం వస్తుంది.

జ్వరం అనకూడదు. అంటే ఆమె ఉండిపోతుంది.

లింబాద్రి తోటగోడ పక్కనున్న చెట్టు నుంచి వేపమండలు తెచ్చాడు. ఎడారిలో కూడా వేప వేపలాగే చేదు. బిడ్డ చుట్టూ పరిచారు. గుమ్మానికి కట్టారు. ఇంట్లో తాళింపు ఆపేశారు. ఒక రెమ్మతో వాణి బిడ్డ ఒంటిని నిమిరింది — తల నుంచి పాదాల దాకా, పాదాల నుంచి తల దాకా... అమ్మా, పసిదమ్మా, కాయమ్మా.

పొద్దున డ్యూటీ.

వెళ్ళాలా? లుబాన్ ఇంకెవరికీ చెయ్యి ఇవ్వదు. రెండో డోసు ఈ రోజే పడాలి. “నేను చూస్త, నువ్వు పో,” అన్నాడు లింబాద్రి. “ఎందుకు రాలేదంటే ఏం చెప్తవ్?”

ఏం చెబుతుంది? చెప్పకూడదు కదా.

చివరిసారి బిడ్డను నిమిరిన రెమ్మను తీసి కొప్పులో తురుముకుంది. తల్లి తోడుగా ఉంటుందని.

తోట దాటడానికి నాలుగు నిమిషాలు.

నురుగు. బూట్లు. ఒకటి, రెండు, మూడు...

“ఏమ్మా వాణీ, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?”

పదకొండు, పన్నెండు...

అబద్ధం కాదు. వాణి లోపల అబద్ధం లేదు. జబ్బు అయితే జబ్బు అనేది. ఇది జబ్బు కాదు. ఇది రాక. గుండెలో ఏదో మూల చిన్న పురుగు తొలిచింది, నిజమే... కానీ ఆ పురుగుకు పేరు పెట్టినా పాపమే.

“ఎవ్వలకు లేదు మేడం.”

ముప్పై.

లుబాన్ చెయ్యి చాచింది. కడ్డీ పట్టుకుంది. సూది దిగింది. ఆ సందులో చిట్టి తల్లి భుజం మీదుగా పాకి, వల సందులోంచి వేళ్ళు బయటపెట్టింది. వాణి వంగి ఉంది. కొప్పు అందింది.

లేత వేళ్ళు. పచ్చటి రెమ్మ.

లాగేసుకుంది. వాసన చూసింది. ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. చేదు. ముఖం చిట్లించింది — అచ్చం అక్షర వాము నీళ్ళు తాగినప్పటిలా.

వాణి నవ్వింది.

ఆ నవ్వును వాణి ఇక ఎప్పటికీ క్షమించుకోలేదు.

*

తొమ్మిదో రోజుకు అక్షర ఒళ్ళు చల్లబడింది. పొక్కులు మాడి, పొట్టు రాలింది. వేపాకు, పసుపు నీళ్ళు పోశారు. పెరుగన్నం పెట్టి, దండం పెట్టి, తల్లిని సాగనంపారు.

ఎటు వెళ్తున్నావమ్మా అని అడగలేదు.

అడగాల్సింది.

పన్నెండో రోజున చిట్టి పాలు తాగలేదు.

కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు కారింది. దగ్గు... చిన్న దగ్గు, బొమ్మ దగ్గినట్టు. ముఖాన, వెంట్రుకలు పలచగా ఉన్న చోట, చెవుల వెనక — ఎర్రగా, సన్నగా, ఎవరో కుంకుమ చల్లినట్టు.

వాణి చెయ్యి కొప్పుకు పోయింది.

డాక్టరమ్మ మూడు పగళ్ళు కుర్చీలోంచి లేవలేదు. ఆవిరి పట్టింది. తేనె నీళ్ళలో మందు పట్టించింది. ఊపిరి లెక్కపెట్టింది. వాణి కూడా లెక్కపెట్టింది. నిమిషానికి నలభై. నిమిషానికి అరవై. నిమిషానికి...

చిట్టి పెదాల చివర నురుగు.

తెల్లటి నురుగు. చిన్న చిన్న బుడగలు.

ఒక్కొక్కటీ పగిలింది.

ఆఖరిది పగల్లేదు. చాలాసేపు అలాగే ఉంది.

*

లుబాన్‌కు ఏమీ కాలేదు.

ఒక్క తుమ్ము లేదు. ఒక్క వెచ్చదనం లేదు. రోగమంతా రొమ్మున కట్టుకుని పదిహేను రోజులు మోసింది, ఆ తల్లిని అది తాకలేకపోయింది.

“చూశావా,” అంది డాక్టరమ్మ. కాగితం పట్టుకుంది. గీత ఇంకా పైకి పోయింది, కాగితం అంచుకు తగులుతోంది. “ఇంత బాగా పని చేస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇంత గొప్పగా... ఇంత...” కాగితంతోనే కళ్ళు తుడుచుకుంది.

కోట కట్టారు. కోటలో తల్లి ఒక్కతే మిగిలింది.

లుబాన్ చిట్టిని వదల్లేదు. భుజాన వేసుకుంది. వీపున వేసుకుంది. ఈగలు వాలితే తోలింది. వేళ్ళతో జుట్టు దువ్వింది. పాలు కారుతున్న రొమ్మును ఆ చల్లటి నోటికి అందించింది.

అందించి, ఎదురుచూసింది.

డాక్టరమ్మ అందరినీ వరసగా నిలబెట్టి ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఎవరి బిడ్డదో, ఎర్రటి పొక్కుల ముఖం. “ఈ మీజిల్స్ మనిషి నుంచే వచ్చింది. ఎవరింట్లోనైనా ఇలా వచ్చిందా? తట్టు అంటారు మా వైపు. అమ్మవారు అని కూడా అంటారు.”

అమ్మవారు.

డాక్టరమ్మ ఎంత మామూలుగా అనేసింది ఆ మాట! అయితే అది చెప్పదగ్గ మాటేనా? పొద్దున గుమ్మం ముందు, నురుగులో నిలబడి, ఆ ఒక్క మాట అనేసి ఉంటే చాలునా?

వాణి బొమ్మ మీంచి చూపు తిప్పుకుంది.

చెబితే అర్బాబ్ ఊరుకోడు. రూమ్ పోతుంది. లింబాద్రి తొమ్మిదేళ్ళు పోతాయి. అక్షర సూది మళ్ళీ వాయిదా పడుతుంది, ఇంకో విమానం, ఇంకో మధ్య...

చెప్పకపోతే?

దేవయ్య దగ్గాడు.

పాపం, ఆ క్షణానే దగ్గు వచ్చింది. ఆపుకోవాలని చూశాడు. ముఖం ఎర్రబడేదాకా ఆపుకున్నాడు. అందరూ తిరిగి చూశారు.

మర్నాటికి ఆయనకు తోటలో డ్యూటీ లేదు. ఎండలో రోడ్డు సైట్‌కు పంపేశారు. సంచి భుజాన వేసుకుని, వాణి ముందు నుంచే నడిచాడు.

“నేను లోపటికి పోనే పోలేదు గద చెల్లె? నువ్వు సూసినవ్ గద?”

“సూసిన అన్నా.”

“మరి... నువ్వన్న ఓ మాట చెప్పరాదు?”

వాణి నేల చూసింది.

ఆయన ఎప్పుడూ అనే ఎకసెక్కం ఏదో అనబోయాడు. అనలేదు. దగ్గుతూ వెళ్ళిపోయాడు. ఈసారి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోలేదు.

*

చిట్టి పోయిన ఐదో పగలు.

“నువ్వు అడిగితేనే ఇస్తుంది,” అంది డాక్టరమ్మ. గొంతు బొంగురు. “చెయ్యి అడుగు. దాని చూపు నీ మీదుంటే, వెనక నుంచి తలుపు తీసి చిన్నదాన్ని మెల్లగా తీసుకుంటాం. పాపం, ఇంక ఉంచకూడదు.”

వాణి వల ముందు కూర్చుంది. ఒళ్ళో ఖర్జూరాలు. గొట్టం ఇవతల.

“చెయ్యి ఇయ్యవే తల్లీ...”

ఒక ఖర్జూరం తీసి గొట్టం ముందు పట్టుకుంది.

లుబాన్ చూసింది. తేనె రంగు కళ్ళు. పొగ.

మెల్లగా వచ్చింది. కూర్చుంది. గొట్టాన్ని చూసింది. ఖర్జూరాలను చూడలేదు. వాణిని చూసింది. రొమ్ము మీది తడి మచ్చను చూసింది.

చెయ్యి చాచింది.

తనది కాదు.

చిట్టి చెయ్యి. ఎండిపోయిన, లేత, నల్లటి చెయ్యి. రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుని, జాగ్రత్తగా, గొట్టంలోకి తోసింది. కడ్డీ దాకా అందదు ఆ చెయ్యి. అందదని తెలిసి ఇంకొంచెం తోసింది. ఇంకొంచెం.

చెయ్యి ఇస్తే మందు వేస్తారు. నేర్పింది వాణే కదా.

వేయమంది.

నా దానికీ వేయమంది.

అటు తలుపు తియ్యబోతున్న డాక్టరమ్మ చెయ్యి గడియ మీదే ఆగిపోయింది. చల్లగాలి మిషను ఒక్కటే చప్పుడు చేస్తోంది.

లుబాన్ ఎదురుచూస్తోంది. సూది కోసం. మంట కోసం. మండితేనే మేలు...

వాణి ఆ చిన్న చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది. ఎంత చల్లగా అంటే — తొమ్మిదో రోజు పొద్దున, తల్లి వెళ్ళిపోయిందని, బతికిపోయామని, మురిసిపోయి ముట్టుకున్న అక్షర చెయ్యి అంత చల్లగా.

*

మరునాడు పొద్దున.

నల్లటి ట్రే. కొత్తగా పోసిన మందు నీళ్ళు. నురుగు.

లోపల లుబాన్ గొట్టం పక్కనే కూర్చుని ఉంది. చిట్టిని ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుంది. ఆ చిన్న చెయ్యి ఇంకా గొట్టంలోనే ఉంది.

తోట చివర రూమ్ కిటికీలోంచి అక్షర నవ్వు సన్నగా వినిపిస్తోంది. క్యాలెండరు మీద ఇంకొక్క గడి ఖాళీ.

రోడ్డు సైట్ వైపు లారీ ఒకటి దుమ్ము రేపుతూ పోయింది.

వాణి నురుగులో నిలబడింది. ఒకటి... రెండు...

డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. తల ఎత్తలేదు. అలవాటైన గొంతు, అలిసిన గొంతు.

“ఏమ్మా వాణీ. ఇంట్లో ఎవరికైనా...”

పదకొండు. పన్నెండు.

కొప్పులో ఏమీ లేదు. అయినా చేదు వాసన.

వాణి నోరు తెరిచింది.

కాళ్ళ చుట్టూ బుడగలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి...

తెల్లటి నురుగు.